సంజెవేళ దారి తప్పే టూలు

ఆ ఉదయం నేను డ్యూటీకి వచ్చేసరికి పాడైన ఇనుప పలక నా బల్ల మీద పెట్టి ఉంది. పక్కనే ఫోర్‌మన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, శవాన్ని గుర్తుపట్టడానికి బంధువును పిలిపించిన పోలీసులా.

"ఏటి మాస్టారూ, మళ్ళీ తినీసింది," అన్నాడు.

మా వర్క్‌షాపు ఊరి చివర లాల్‌ఖదాన్‌లో ఉంది. పట్టాలకు ఎంత దగ్గరంటే, గూడ్సు బండి పోతున్నంతసేపు కొలతలు తీయడం ఆపేస్తాం. రైల్వేకి కావలసిన చిన్నాచితకా ఇనుప భాగాలు ఇక్కడ తయారవుతాయి. లేతు మిషన్లు వరసగా ఉన్నాయి గానీ, కంప్యూటరు చెప్పినట్టు నడిచే పెద్ద మిల్లింగ్ మిషను ఒక్కటే. ఇనుమును కోసే టూలు ఎక్కడ దిగాలి, ఎటు తిరగాలి, ఎంత వేగంతో కొయ్యాలి అన్నది వరస వరసగా రాసి దానికి అందించడం నా పని. అంటే టూలు నడిచేది నేను రాసిన దారి. అది దారి తప్పి పలక అంచును లోపలికి కోసేస్తే మొదట నిలదీయవలసింది నన్ను. నన్నెవరూ నిలదీయలేదు. నా కోపమంతా అక్కడే.

తప్పు మోపింది రెండో షిఫ్టులో ఆ మిషను నడిపే ఆమె మీద. ముప్పై దాటిన మనిషి. మా అందరిలాగే శ్రీకాకుళం వైపు నుంచి తాతలనాడు రైల్వే పనికి ఈ హిందీ ఊరికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబం. ఐటీఐలో మెషినిస్టు కోర్సు చదివింది. భర్త జ్వరంతో పోయాక, ఆ భర్తకు మేనమామ వరసైన మా ఫోర్‌మనే తీసుకొచ్చి పనిలో పెట్టించాడు. తీసుకొచ్చిన మనిషే, విశ్వకర్మ పూజనాడు మిషను ముందు దీపం వెలిగించబోతే "నువ్వొద్దులే అమ్మీ" అని ఆమె చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకున్నాడు. జాలీ ఆయనదే, భయమూ ఆయనదే.

పలకలు పాడవుతున్నది ఆమె షిఫ్టులోనే. ఉదయం షిఫ్టులో ఒక్కటీ పాడవలేదు. మొగుడు పోయిన మనిషి చెయ్యి పడింది, మిషనుకు దోషం తగిలింది అన్న మాట ముందు గుసగుసగా తిరిగి, తర్వాత మామూలు మాటైంది. యజమాని ఆ మాట పైకి అనలేదు. "శనివారం దాకా చూద్దాం," అన్నాడంతే. శనివారంలోగా తేలకపోతే మిషను ఇంకొకరికి ఇస్తారు, ఆమె మూలనున్న బల్ల దగ్గర కూర్చుని ముక్కల అంచులు ఆకురాయితో రాసుకోవాలి. చదివిన చదువు, నేర్చిన పని అన్నీ ఆ బల్ల కింద పడిపోతాయి.

నాకు వాదన నేర్పింది రైల్వే కాలనీలోని తెలుగు సంఘం హాలు. నా కుర్రతనంలో ఆదివారాలు అక్కడ వాదోపవాదాలు జరిగేవి. దేవుడున్నాడా, కులం పోతుందా, విధవలకు బొట్టెందుకు ఉండకూడదు అని పెద్దవాళ్ళు గొంతులు చించుకునేవారు. అక్కడ ఒక నియమం ఉండేది. ఎదుటివాడి మాటను ఖండించే ముందు, దాన్ని ఎదుటివాడే మెచ్చుకునేంత బలంగా నువ్వు చెప్పాలి. దాన్ని పూర్వపక్షం అనేవారు. ఇప్పుడు ఆ హాలును పెళ్ళిళ్ళకు అద్దెకిస్తున్నారు. నాతో పోట్లాడినవాళ్ళలో కొందరు పోయారు, కొందరు బదిలీల మీద వెళ్ళిపోయారు. ఊళ్ళో తెలిపారా పేటలో మేడమీది గదిలో ఒక్కణ్ణే ఉంటాను. స్నేహితులు లేని ఊళ్ళో బతకవచ్చు. ప్రత్యర్థులు కూడా లేని ఊళ్ళో సాయంకాలాలు చాలా పొడుగు.

అందుకే ఆ పలకను చేతిలోకి తీసుకున్నప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కొంచెం ప్రాణం లేచి వచ్చింది.

ముందు పూర్వపక్షం. ప్రోగ్రాం ఒకటే, టూలు ఒకటే, ఇనుము ఒకటే. మారింది మనిషి. మనిషి మారినప్పుడే తప్పు జరుగుతోంది. కాబట్టి తప్పు మనిషిది. ఇది తెలివితక్కువ వాదన కాదు. నేనూ ఏ యంత్రం ముందైనా ఇలాగే ఆలోచిస్తాను. దీన్ని కొట్టాలంటే ఒకటే దారి, ఆ రెండు షిఫ్టుల మధ్య మనిషి కాకుండా ఇంకేదో కూడా మారుతోందని చూపించాలి.

ఒక్కొక్కటే పట్టుకున్నాను. ప్రోగ్రాంను గాలిలో నడిపించాను, కింద ఇనుము లేకుండా. దారి చక్కగా ఉంది. టూలు పట్టులో వదులుందేమో చూశాను, లేదు. పలకను బిగించే దిమ్మెలు తుడిచి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు పాడైన పలక దగ్గరికే మళ్ళీ వచ్చాను. అంచు ఒక చోటు దాకా సరిగ్గా వచ్చింది. అక్కడి నుంచి ఏటవాలుగా లోపలికి జారింది. తర్వాత చివరి దాకా ఒకే లోతున సాగింది. ఆ లోతు కొలిచాను. టూలు మందంలో సరిగ్గా సగం.

ఇది తెలియనివారికి ఒక మాట చెప్పాలి. గోడ వెంట నడిచే మనిషి తన భుజం వెడల్పంత ఎడం ఉంచుకుని నడుస్తాడు. టూలూ అంతే. నేను రాసే గీత పలక అంచు. టూలు నడుమ ఆ గీత మీద నడిస్తే సగం టూలు పలకలోకి దిగిపోతుంది. అందుకని, ఎడమకు నీ మందంలో సగం జరిగి నడువు అని ముందే ఒక ఆజ్ఞ ఇస్తాం. ఆ ఆజ్ఞ ఒక్కసారి ఇస్తే చాలు, వద్దనేదాకా మిషను గుర్తుంచుకుంటుంది. ఈ పలక మీద నడుస్తూ నడుస్తూ మిషను ఆ ఆజ్ఞను మరచిపోయింది. ఎందుకు మరచిపోయింది?

ఫోర్‌మన్‌ను పిలిచి చూపించాను. "ఇదిగో, సరిగ్గా సగం. దిష్టికి ఇంత లెక్క ఎక్కడిది?"

"దిష్టికి లెక్క లేదని మీకెవరు సెప్పినారు మాస్టారూ?"

"దిష్టే అయితే ఉదయం షిఫ్టులో ఎందుకు తగలదు?"

"అదే కదా, ఇన్నాళ్ళనుంచీ నాను సెప్తన్నదీ అదే."

లేతుల దగ్గరున్నవాళ్ళు పనాపి నవ్వారు. హాలులో అయితే ఆ దెబ్బకు చప్పట్లు పడేవి. నా ప్రశ్ననే తిప్పి నన్ను కొట్టాడు.

షిఫ్టు మారే వేళ ఆమెను ఆపి అడిగాను. టూలు పని మీద ఉండగా మిషనును ఎవరైనా ముట్టుకున్నారా?

"ఎవరూ ముట్టలేదు అన్నయ్యగారూ."

"మధ్యలో ఆపావా?"

"నానాపలేదండి."

"కరెంటేమైనా పోయిందా?"

"లేదండి. అంతా మామూలే." తన చేతులు చూసుకుని, "నా సేతిలోనే ఏదో ఉందంటారా మీరు కూడా?" అంది.

"చేతిలో ఏమీ ఉండదు."

"అందరూ ఉందంటన్నారు కదా. ఒక్కరు లేదంటే లేకుండా పోద్దా?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. పెద్ద ఉపన్యాసమే ఉంది. ఆమె మొహం చూసి చెప్పలేదు.

మరునాడు ఇంటికి వెళ్ళకుండా సాయంకాలం అక్కడే ఉండిపోయాను. నేను రోజూ వెలుతురుండగానే వెళ్ళిపోయేవాణ్ణి. ఆ వర్క్‌షాపులో పొద్దుగూకడం నేను చూడడం అదే మొదలు. ఆమె పలక బిగించింది. టూలు అంచు వెంట నడవడం మొదలుపెట్టింది. నేను అద్దం తలుపులోంచి రెప్పవేయకుండా చూస్తున్నాను. పట్టాల మీద ఒక పాసింజరు వెళ్ళింది. బయట దీపాలు వెలిగాయి.

అప్పుడు ఫోర్‌మన్ ఒక చేత్తో ధూపం, ఒక చేత్తో చిన్న దీపం పట్టుకుని వచ్చాడు. రోజూ ఇంటికి పోయే ముందు ఆయన చేసే చివరి పని అది. లేతుల ముందు తిప్పాడు. వాటి మీద ఒక్కో ముక్కకు పట్టే సమయం తక్కువ. ఒకటి దించి ఇంకొకటి ఎక్కించే మధ్యలో దీపం అయిపోతుంది. పెద్ద మిషను అలా కాదు, ఒక పలక మీద గంటకు పైగా నడుస్తూనే ఉంటుంది. ఆయన దాని ముందుకొచ్చి, దేవుడి ముందు గోల ఉండకూడదు కాబట్టి, ధూపం కింద పెట్టి రీసెట్ మీట నొక్కాడు. టూలు తిరగడం ఆగింది. అంతా నిశ్శబ్దం. అద్దం తలుపు తీసి దీపం చూపించి, మీటలను తాకి చెయ్యి కళ్ళకద్దుకున్నాడు.

"మీరూ ఒక దండం పెట్టండి మాస్టారూ. పోయేదేటుంది?" అన్నాడు వెళ్తూ.

ఏం పోతోందో నేను అప్పటికే చూస్తున్నాను. తెర మీద ఒక మూల, ఎడమకు జరిగి నడువు అన్న ఆజ్ఞ ఉండవలసిన చోట, అది రద్దయిన గుర్తు పడింది. ఆపడానికి ఇంకో మీట ఉంది. అది నొక్కితే మిషను నిద్రపోయినట్టు ఆగుతుంది, లేపితే అన్నీ గుర్తుంటాయి. రీసెట్ నొక్కితే మరపు. ఆమె దండం పెట్టుకుని, తలుపు మూసి, టూలును మళ్ళీ తిప్పించి, ఆగిన వరస నుంచే నడిపించడానికి చెయ్యి చాచింది.

"ఆగు," అన్నాను. "ఆగినచోటి నుంచే మొదలెడతావా?"

"అంతే కదండీ. ట్రైనింగులో అలగే నేర్పినారు."

"అది ఊరికే ఆపినప్పుడు. ఇక్కడ చూడు."

వేలితో చూపించాను. ఆమెకు రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరూ ముట్టలేదన్నావే?"

"ముట్టలేదండీ. మావయ్య దండం పెట్టినాడు."

ఆమె అబద్ధమాడలేదు. మన ఇళ్ళలో దీపం పెట్టడం పని కిందికి రాదు. దండం పెట్టడం ముట్టుకోవడం కిందికి రాదు. ఎవరు ఏం చేశారని అడిగితే ఎవరి లెక్కలోకీ రానిది అది ఒక్కటే. రోజూ ఆ ధూపం వేళకు టూలు అంచు మీద ఉండదు. ఒక్కోరోజు రంధ్రాలు వేస్తూ ఉంటుంది, అప్పుడు మరచినా నష్టం లేదు. అందుకే ఒకరోజు పాడై, ఒకరోజు బాగుండి, గ్రహబలంలా కనిపించింది.

"ఈ సాయంకాలం ధూపం ఎప్పటినుంచి?" అని అడిగాను.

"నానొచ్చిన కాణ్ణించండి. ముందర పొద్దున మిషన్లు తిప్పకముందు ఒక్కపాలే ఉండేది. నా దోసం మిషనుకి తగలకుండా అని మావయ్య సాయంత్రం కూడా మొదలెట్టినాడు."

నా ఒళ్ళు మండింది, సంతోషంతో. ఇంతకంటే నిండైన రుజువు ఏ వేదిక మీదా ఎవరికీ దొరకదు. లేని దోషానికి విరుగుడు వేశారు, ఆ విరుగుడే దోషమైంది. రేపు అందరినీ పిలుస్తానన్నాను. ఒక పలక ధూపం వేసి రీసెట్ నొక్కి, ఒకటి ధూపం లేకుండా రీసెట్ నొక్కి, ఒకటి ధూపం వేసి రీసెట్ నొక్కకుండా కోసి చూపిస్తాను. ధూపం పాపం ఎరగదని కూడా నేనే నిరూపిస్తాను, ఇంతకన్నా న్యాయం ఏముంటుంది?

"వొద్దండి," అంది ఆమె.

"ఎందుకు?"

"మావయ్య దీపం వల్లే పలకలు పోనాయని పదిమందిలో అంటే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? ఆయన మాట మీద నానిక్కడున్నాను."

"నువ్వు చదువుకున్నదాని మీద ఉన్నావు."

"సదువుకున్నోళ్ళు సానామంది గేటు బయటున్నారండి."

"నిజం మాటేమిటి మరి?"

"నిజం మీతోటి తెలిపారా ఎల్లిపోద్ది. నాను ఇక్కడే డ్యూటీ సెయ్యాలి."

ఆ పూటకు టూలు ఆ భాగాన్ని మొదలుపెట్టే వరసకు వెనక్కి వెళ్ళి అక్కడి నుంచి నడిపించమన్నాను. అలా చేస్తే ఆజ్ఞ మళ్ళీ అందుతుంది. పలక బాగా వచ్చింది. రోజూ ఇలాగే చేయమన్నాను. తల అడ్డంగా ఊపింది. వెనక్కి వెళ్తే కోసిన దారి మీదే టూలు ఊరికే మళ్ళీ నడుస్తుంది, ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే దానికీ తన పేరే చెబుతారు. నేనే ఫోర్‌మన్‌తో చెబుతానంటే అదీ వద్దంది. నన్నాలోచించుకోనివ్వండి అంది.

మరునాడు సాయంకాలం కూడా ఉన్నాను. ధూపం తీసుకుని ఫోర్‌మన్ వస్తూంటే ఆమె ఎదురెళ్ళింది.

"మావయ్యా, అన్నం తింటన్న మనిషికి హారతిస్తామేటి?"

"ఏటే అమ్మీ, ఇప్పుడదెందుకు?"

"టూలు ముక్క మీదుంటే తింటన్నట్టే కదా. తినీసింది, తినీసింది అని నువ్వే అంటావు. నోట్లో ముద్దుండగా దీపం సూపిస్తే ఎంగిలి కాదా?"

ఫోర్‌మన్ నిలబడిపోయాడు. ధూపం పొగ ఆయన మొహం మీదుగా పోతోంది.

"పలక అయిపోనాక అదే ఎల్లి దాని సోటున నిలబడతాది," అంది ఆమె. "మూతి కడుక్కున్నట్టు సుబ్బరంగా. అప్పుడు సూపించు. అప్పుడైతే ఆపక్కర్నేదు కూడా."

"అచ్ఛా," అన్నాడు ఫోర్‌మన్. మళ్ళీ, "అచ్ఛా. బాత్ తో సహీ హై, నువ్వన్నది నిజమే." మిషను వైపు చూసి చెంపలు వేసుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఎంగిలికి దీపం సూపించినానా నాను. అందుకేటి మరి ఇలగయ్యింది."

ఆయన అక్కడే ఒక పీట లాక్కుని కూర్చున్నాడు, పలక పూర్తయ్యేదాకా. టూలు పైకి లేచి తన చోటికి వెళ్ళి నిలబడ్డాక లేచి దీపం చూపించాడు. ఏ మీటా నొక్కలేదు.

నేను చూస్తూ నిలబడ్డాను. ఆయన తన తప్పు ఒప్పుకున్నాడు. నేను ఎన్ని పలకలు కోసి చూపించినా ఒప్పుకోని తప్పును, ఒక్క మాటకు చెంపలు వేసుకుని మరీ ఒప్పుకున్నాడు. కారణం కూడా సరిగ్గానే చెప్పాడు, పలకలు పాడైంది దీపం వల్లేనని. తర్కం మాత్రం ఎక్కడా లేదు.

ఆయన వెళ్ళాక ఆమెతో పోట్లాడాను. పోట్లాడాననే చెప్పాలి.

"నువ్వు చేసిందేమిటో తెలుసా? ఒక మూఢనమ్మకాన్ని ఇంకో మూఢనమ్మకంతో కప్పావు. రేపు నీలాంటిదే ఇంకొకతె వస్తే ఆమె మీదా ఇదే మాట వేస్తారు. ఎంగిలి లేకపోతే ఇంకేదో కనిపెడతారు."

"ఏస్తారండి."

"మరి?"

"ఆవిడికి స్టార్టు ఎక్కణ్ణించి నొక్కాలో నాను నేర్పుతాను. ఆవిడి తరపున మీరు వాదించండి. నా తరపున వాదించడం అయిపోనాది కదా."

"నా వాదన నువ్వు వినిపించనిస్తే కదా."

ఆమె నవ్వింది. ఆ వర్క్‌షాపులో ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు. "మీకు గెలవాలనుంది అన్నయ్యగారూ. నాకు మిషను కావాల," అంది.

ఇది అన్యాయమైన మాట అనుకున్నాను. ఇప్పుడూ అనుకుంటున్నాను. నేను కోరింది నా గెలుపు ఒక్కటే కాదు. ఒక మనిషిని దోషమన్నారు. ఆ మాటను అబద్ధమని పదిమంది ముందు చెప్పించాలి. దొడ్డిదారిన బయటపడితే బయటపడిన మనిషి ఒకతే, దోషమన్న మాట లోపలే ఉంటుంది. ఈ విషయంలో ఆమె చెప్పినదానికి నేను ఒప్పుకోను. కానీ ఒప్పుకోనని గట్టిగా చెప్పే హక్కు, ఆమె పోగొట్టుకోగలిగినంత నేను కూడా పోగొట్టుకునేవాణ్ణయితేనే నాకు ఉండేది.

శనివారం యజమాని వచ్చాడు. పాడైన పలకలు ఆగిపోయాయని తెలుసుకుని కారణం అడిగాడు. ఫోర్‌మన్ హిందీలో వివరించాడు. పిల్లది మంచిదే సాబ్, దీపమే వేళ కాని వేళ పెట్టాం, ఇప్పుడు సరిచేశాం అన్నాడు. యజమాని తల పంకించి నా వైపు తిరిగాడు. ప్రోగ్రాంలో ఏమైనా మార్చారా అని అడిగాడు.

ఆమె మిషను దగ్గర పలక బిగిస్తోంది. ఇటు చూడలేదు. బిగించే పానా మాత్రం తిప్పడం ఆపింది.

"ఏమీ మార్చలేదు," అన్నాను. అది నిజం.

పానా మళ్ళీ తిరిగింది. మిషను ఆమెకే ఉంచారు.

ఆ తర్వాత పొద్దుగూకాక అక్కడ ఉండడానికి నాకు పని లేకపోయింది. పలకలు బాగా వస్తున్నాయి, నా బల్ల మీదికి ఎవరూ ఏదీ తేవడం లేదు. తప్పు ఉన్నన్నాళ్ళూ ఫోర్‌మన్ వచ్చి ఎత్తిపొడిచేవాడు, నేను తిప్పికొట్టేవాణ్ణి, ఆమె వచ్చి వద్దండి అనేది. తప్పు పోయింది, ఆ మాటలూ పోయాయి. వెలుతురుండగానే బయలుదేరి, లాల్‌ఖదాన్ గేటు దగ్గర గూడ్సు పోయేదాకా నిలబడి, తెలిపారాకు చేరుకుంటున్నాను. గదిలో ఆ మూడు పలకల వాదన పైకి చెప్పి చూశాను ఒకటి రెండు సార్లు. పూర్వపక్షం కూడా నేనే చెప్పుకోవలసి వచ్చింది.

ఇది రాయబోతున్నానని ఆమెకు చెప్పాను. చెప్పకుండా రాయడం సరి కాదు. వద్దంటే మానేద్దామనే అడిగాను.

"తెలుగులోనా, హిందీలోనా?" అంది.

"తెలుగులో."

"అయితే రాసుకోండి. మావయ్యకి తెలుగు సదవడం రాదు. నాకూ రాదు."

షిఫ్టు గంట మోగింది. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. చదివి వినిపిస్తానని అనబోయి, ఆ మిషను చప్పుడులో ఆమెకు వినపడదని ఊరుకున్నాను.